ఇంగ్లండ్ సెకండరీ స్కూల్లో ఆర్‌ఈ టీచర్ కావాలనుకునేవారికి: మనది కాని మతాన్ని పిల్లలకు ఎలా చెప్పాలి?

తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి ఇంగ్లండ్ వచ్చానని, ఇక్కడి సెకండరీ స్కూల్లో రిలీజియస్ ఎడ్యుకేషన్ (ఆర్‌ఈ) చెప్పాలని ఉందని రాశారు. మూడు సందేహాలు అడిగారు. హిందువుగా పుట్టి పెరిగిన నేను క్రైస్తవం, ఇస్లాం చెప్పవచ్చా? పిల్లలు "మీరు దేవుణ్ణి నమ్ముతారా" అంటే ఏమనాలి? హిందూమతం నాకు తెలిసిందే కాబట్టి ఆ పాఠాలైనా తేలికేనా? నేను ఇక్కడ చాలా ఏళ్లుగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను. మొదటిదానికి నా జవాబు అవును, నిస్సంకోచంగా చెప్పవచ్చు. రెండోదానికి జవాబు క్లాసులోకి అడుగు పెట్టకముందే మీరు ఆలోచించి పెట్టుకోవాలి. మూడోది తేలిక అనుకుంటున్నారు చూడండి, మీరు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ముందు ఈ సబ్జెక్టు ఏమిటో తెలియాలి, ఎందుకంటే మనం ఇండియాలో చదువుకున్నప్పుడు ఇలాంటిది చూడలేదు. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను నిషేధించింది. మతాల గురించి చదువు చెప్పడం మతబోధ కిందికి రాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా మన బళ్లలో అది ఒక విడి సబ్జెక్టుగా నిలదొక్కుకోలేదు. మనకు తెలిసింది మోరల్ సైన్స్ పీరియడ్, లేకపోతే మిషనరీ స్కూళ్లలో ప్రార్థన. ఆర్‌ఈ ఈ రెండూ కాదు.

ఇంగ్లండ్‌లో 1944 చట్టం దీన్ని మతబోధగానే చూసింది, పేరు కూడా అదే. 1960ల చివర్లో ఆలోచన మారడం మొదలైంది. 1967లో లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో నినియన్ స్మార్ట్ మత అధ్యయన విభాగాన్ని ప్రారంభించి, మతాన్ని బయటినుంచి, సానుభూతితో, శాస్త్రీయంగా చదవవచ్చని చూపించాడు. 1975లో బర్మింగ్‌హామ్ సిలబస్ క్రైస్తవంతోపాటు ఇతర మతాలను, ఆఖరికి కమ్యూనిజాన్ని కూడా చేర్చి పెద్ద దుమారం రేపింది. 1988 చట్టం పేరును రిలీజియస్ ఎడ్యుకేషన్‌గా మార్చింది. దేశంలో మత సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమైనవే అయినా ఇతర ముఖ్య మతాల బోధనలను, ఆచారాలను కూడా సిలబస్ పరిగణనలోకి తీసుకోవాలని చెప్పింది. 2015 నవంబరులో హైకోర్టు ఫాక్స్ కేసులో మతేతర జీవన దృక్పథాలకూ, అంటే హ్యూమనిజం వంటివాటికీ, ఈ సబ్జెక్టులో సమాన గౌరవం ఉండాలని తీర్పునిచ్చింది. అందుకే ఇవాళ మంచి స్కూల్లో నాస్తికుల ఆలోచన కూడా పాఠంలో భాగమే.

ఇక్కడ ఒక వింత ఉంది. ఆర్‌ఈ ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి స్కూల్లోనూ తప్పనిసరి, అయినా ఇంతకాలం జాతీయ పాఠ్యప్రణాళికలో లేదు. ఒక్కో స్థానిక ప్రభుత్వ ప్రాంతానికి ఒక్కో సిలబస్. దాన్ని ఐదేళ్లకోసారి సమీక్షించాలి. దీనిమీద సలహా ఇవ్వడానికి సాక్రే అనే మండలి ఉంటుంది. అందులో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్, ఇతర క్రైస్తవ శాఖలూ మతాలూ, టీచర్ల సంఘాలు, స్థానిక కౌన్సిల్, ఇలా నాలుగు వర్గాలవాళ్లు కూర్చుంటారు. అకాడమీలకు, అంటే స్థానిక కౌన్సిల్ అజమాయిషీ లేకుండా నడిచే ప్రభుత్వ నిధుల స్కూళ్లకు, సొంత సిలబస్ పెట్టుకునే వీలుంది. క్యాథలిక్ స్కూళ్ల దారి పూర్తిగా వేరు. జాతీయ పాఠ్యప్రణాళికలోకి తేవాలని 2025 నవంబరులో వచ్చిన పాఠ్యక్రమ సమీక్ష సూచించింది. నాకది మంచి సూచనే అనిపిస్తుంది. కాబట్టి ఉద్యోగానికి అప్లై చేసే ముందు ఆ స్కూలు ఏ రకమో, ఏ సిలబస్ వాడుతుందో కనుక్కోండి. ఇంటర్వ్యూలో ఇది తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. మనది కాని మతాన్ని చెప్పడం.

నమ్మకం ఉండటం ఈ ఉద్యోగానికి అర్హత కాదు, లేకపోవడం లోపమూ కాదు. కావలసింది ఖచ్చితత్వం. నా క్లాసుల్లో ఒకటే నియమం: "క్రైస్తవులు ఇలా నమ్ముతారు" అనే వాక్యం మొదలుపెడితే "ఏ క్రైస్తవులు?" అని అడగాల్సిందే. నన్ను పిల్లలు అడగవచ్చు, పిల్లల్ని నేను అడుగుతాను. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజన సంస్కారాన్నే తీసుకోండి. క్యాథలిక్కులకు అది నిజంగానే క్రీస్తు శరీరం, రక్తంగా మారుతుంది. చాలామంది బాప్టిస్టులకు అది ఆయన మరణాన్ని గుర్తుచేసుకోవడం. ఆంగ్లికన్లలో, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయంవాళ్లలో, రెండు ధోరణులవాళ్లూ ఉన్నారు. క్వేకర్లు, సాల్వేషన్ ఆర్మీవాళ్లు ఈ సంస్కారాన్నే పాటించరు. ఒక్క పీరియడ్‌లో ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి, ఒకే సువార్త వచనం నుంచి ఇన్ని ఆచారాలు ఎలా వచ్చాయని అడిగితే చాలు, పదకొండేళ్ల పిల్లలు కూడా గంటసేపు వదలరు.

ఇస్లాం కూడా అంతే. "ముస్లింలు రోజుకు ఐదుసార్లు నమాజు చేస్తారు" అని బోర్డు మీద రాసి ముందుకు వెళ్లిపోతే అది సగం పాఠం. షియాల్లో చాలామంది ఆ ఐదు నమాజులనే కలిపి మూడు వేళల్లో చేస్తారు, నుదురు మట్టిబిళ్ల మీద ఆనిస్తారు, నిలబడినప్పుడు చేతులు కట్టుకోకుండా పక్కకు వదిలేస్తారు. చాలామంది సున్నీలు చేతులు కట్టుకుంటారు. క్లాసులో షియా ఇంటినుంచి వచ్చిన పిల్ల ఉంటే, తన ఇంట్లో జరిగేది పాఠంలో కనిపించడం ఆ పిల్లకు ఎంత పెద్ద విషయమో ఆ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

తత్వశాస్త్రం చదివిన మీకు ఒక హెచ్చరిక. పోలికలతో చెప్పాలనిపిస్తుంది, అక్కడే దారి తప్పుతాం. త్రిత్వం పాఠంలో తెలుగువాళ్లకు వెంటనే త్రిమూర్తులు గుర్తొస్తారు. దయచేసి ఆ పోలిక వాడకండి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులుగా ఉన్న ఒకే దేవుడని క్రైస్తవ సిద్ధాంతం. సృష్టి, స్థితి, లయ అనే పని విభజన అందులో లేదు. ఇక్కడి టీచర్లు చాలామంది చెప్పే మంచు, నీళ్లు, ఆవిరి ఉదాహరణ కూడా ఇలాంటిదే. ఒకే పదార్థం మూడు రూపాలు మార్చుకుంటుందని చెప్పడం మోడలిజం అవుతుంది, దాన్ని తొలి శతాబ్దాల్లోనే చర్చి తిరస్కరించింది. పోలిక లేకుండా చెప్పలేమా అంటే, చెప్పగలం. యేసు బాప్తిస్మం కథ చదివించండి. నీళ్లలో నిలబడ్డ కుమారుడు, ఆకాశం నుంచి స్వరం, పావురంలా దిగిన ఆత్మ. "ఈ ఒక్క దృశ్యాన్ని నమ్మేవాళ్లు దేవుడు ఒక్కడే అని కూడా అనాలంటే ఏం చేయాలి?" అని అడగండి. ఆ చిక్కుముడితో పిల్లలు తంటాలు పడనివ్వండి. క్రైస్తవ సిద్ధాంతాన్ని తేల్చడానికి 325లో నైసియాలో సభ కూర్చున్న బిషప్పులు పడ్డ తంటాకు మూలం కూడా ఇదే.

ఆ తర్వాతి వారం అదే యేసు గురించి ఖురాన్ ఏమంటుందో చెప్పండి. ఈసా ప్రవక్త, కన్య మరియకు పుట్టినవాడు, ఆమె పేరుతో 19వ సూరా (అధ్యాయం) ఉంది, కానీ దేవుని కుమారుడు కాడు. 4వ సూరా ఆయన్ను శిలువ వేయలేదని అంటుంది. ఈ తేడాను మెత్తబరచవద్దు. "అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అనే మాట మన ఇళ్లలో మంచి ఉద్దేశంతో వింటూ పెరిగాం. క్లాసులో మాత్రం ఆ మాట నమ్మేవాళ్లందరికీ అన్యాయం చేస్తుంది. క్రైస్తవురాలికి శిలువ మరణం లేకుండా మతమే లేదు. ముస్లింకు దేవునికి కుమారుడని అనడమే తప్పు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఎదుటివాళ్లు ఎందుకలా నమ్ముతారో సరిగ్గా చెప్పగలగడమే నేను కోరుకునే ఫలితం. ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఒక విషయంలో మీకు ఇక్కడ పుట్టినవాళ్లకు లేని బలం ఉంది. క్రైస్తవమంటే తెల్లవాళ్ల మతమని ఇక్కడి పిల్లల్లో చాలామంది అనుకుంటారు. నేను డోర్నకల్ కెథడ్రల్ ఫొటో చూపిస్తాను. గుమ్మటాలు మసీదులో ఉన్నట్టు, స్తంభాలు గుడిలో ఉన్నట్టు ఉంటాయి. 1939లో ప్రతిష్ఠించారు. కట్టించిన అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఇది ఏ మతం భవనమో ఊహించమంటే క్లాసు మూడు వర్గాలుగా చీలిపోతుంది. అలాగే తెలంగాణ పల్లెల్లో మొహర్రం పీర్ల పండుగలో హిందువులు కూడా పీరు ఎత్తడం గురించి చెబితే, మతం సరిహద్దులు పుస్తకంలో ఉన్నంత గట్టిగా బతుకులో ఉండవని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు హిందూమతం. మీకు తెలిసిన హిందూమతం మీ ఇంటిది, మీ ఊరిది. మీ క్లాసులో కూర్చున్న హిందూ పిల్లవాడిది బహుశా వేరేది. బ్రిటన్‌లో హిందువుల్లో గుజరాతీలు చాలా ఎక్కువ. వాళ్లలో ఎన్నో కుటుంబాలు తూర్పు ఆఫ్రికా మీదుగా, ముఖ్యంగా 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియన్లను వెళ్లగొట్టిన తర్వాత వచ్చాయి. లండన్ నీస్డెన్‌లో 1995లో తెరిచిన స్వామినారాయణ్ మందిరం ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ఆ సంప్రదాయం గురించి మీకు ఎంత తెలుసు? చాలామంది తెలుగువాళ్లకు తెలిసింది కొంచెమే. మరోపక్క పుస్తకంలో ఉన్న హిందూమతంలో బ్రహ్మం, ఆత్మ, కర్మ, మోక్షం, దీపావళి ఉంటాయి. పోచమ్మ ఉండదు, ఎల్లమ్మ ఉండదు, బోనం ఉండదు. కోట్లమంది ఆచరించే మతం ఆ పేజీల్లోకి రాలేదు. అదీ చెప్పండి, ఇదీ చెప్పండి, కానీ "అసలైన హిందూమతం ఇదీ" అనే తీర్పు మీ నోటినుంచి రాకూడదు.

కులం గురించి తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు నాకు తెలిసిన కొందరు టీచర్లు "అది మతం కాదు, సమాజం" అని దాటేస్తారు. నాకది నచ్చదు. మన దగ్గర నుంచి వచ్చినవాళ్లు దాటేస్తే మరీ తప్పు. ధర్మశాస్త్రాల్లో వర్ణం గురించి ఏముందో, భక్తి కవులు దాన్ని ఎలా ఎదిరించారో, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలమందితో బౌద్ధం ఎందుకు స్వీకరించాడో చెప్పండి. ఇవాళ చాలామంది హిందువులు కులాన్ని తిరస్కరిస్తారని కూడా చెప్పండి, అదీ నిజమే. మీ క్లాసులో రవిదాసీ కుటుంబం నుంచి, అంటే దళిత భక్తి కవి రవిదాస్‌ను గురువుగా కొలిచే ఇంటినుంచి, వచ్చిన అమ్మాయి ఉండవచ్చు. ఆ అమ్మాయి ఇంట్లో విన్నది వేరు. మీరు దాచితే ఆమెకు తెలిసిపోతుంది.

అలా అని ఆ అమ్మాయి వైపు తిరిగి "నువ్వు చెప్పు, మీ ఇంట్లో ఎలా ఉంటుంది" అని అడగవద్దు. క్లాసులో ఉన్న ఒక్క సిక్కు పిల్లవాణ్ణి సిక్కు మతానికి ప్రతినిధిని చేయడం చాలా మామూలుగా జరుగుతుంది, ఆ పిల్లవాడికి అదో శిక్ష. పన్నెండేళ్లవాడికి తన మతం గురించి అంతా తెలియదు, తెలిసినా అందరిముందూ చెప్పాలని ఉండకపోవచ్చు. తనంతట తాను చేయి ఎత్తితే సంతోషం. ముందురోజు విడిగా అడిగి, ఇష్టమైతేనే మాట్లాడించడం ఇంకా మంచిది.

"మీరు దేవుణ్ణి నమ్ముతారా, మిస్?" మొదటి వారంలోనే ఈ ప్రశ్న వస్తుంది. చెప్పకూడదని చట్టంలో లేదు. టీచర్ల ప్రమాణాల్లో ఉన్నదల్లా, వ్యక్తిగత నమ్మకాలను పిల్లల బలహీనతను వాడుకునేలా వ్యక్తం చేయకూడదని, వేరే విశ్వాసాలవాళ్లను గౌరవించాలని. నా సహోద్యోగుల్లో కొందరు ఎన్నడూ చెప్పరు. ఏడాది చివర్లో పిల్లలు మిస్ ముస్లిమా, నాస్తికురాలా అని వాదించుకుంటూ ఉంటే అదే తమ విజయమంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. నిజాయితీగా ఆలోచించమని పిల్లలకు చెబుతూ మనం ముసుగు వేసుకోవడం నాకు కుదరదు. అడిగితే రెండు వాక్యాల్లో చెబుతాను, "ఇది నా ఆలోచన, నీ మార్కులకూ దీనికీ సంబంధం లేదు, దీన్ని ఎవరైనా ఎలా విమర్శిస్తారో చెప్పు" అని ప్రశ్నను వాళ్లకే తిప్పి ఇస్తాను. వివాదాస్పదమైన నైతిక విషయాల్లో, అబార్షన్, కారుణ్య మరణం వంటివాటిలో మాత్రం నా అభిప్రాయం చెప్పను. అక్కడ టీచర్ మాట బరువు ఎక్కువ, పైగా ఆ క్లాసులో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు.

ఇంకో ప్రశ్న వస్తుంది, దానికి ఏ కోర్సులోనూ తయారుచేయరు. మరణానంతర జీవితం పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఒక పిల్ల బ్యాగు సర్దుకుంటూ ఆగుతుంది. "మా అమ్మమ్మ చర్చికి వెళ్లేది కాదు. మరి ఆమె ఎక్కడుంది?" ఈ ప్రశ్నకు సిలబస్‌లో ఉన్న జవాబు చెప్పకూడదు. నరకం గురించి వివిధ శాఖల అభిప్రాయాలు అప్పుడు అవసరం లేదు. నేను అమ్మమ్మ పేరు అడుగుతాను, ఆమె ఎలా ఉండేదో చెప్పమంటాను. తర్వాత "ఇది చాలామంది పెద్దవాళ్లు కూడా అడిగే ప్రశ్న, నాకు జవాబు తెలియదు, నువ్వు ఒక్కదానివే మోయనక్కర్లేదు" అంటాను. ఆరోజే ఆ పిల్ల బాగోగులు చూసే క్లాస్ ట్యూటర్‌కు చెబుతాను. మాటల్లో హాని జరుగుతున్న సూచన ఏదైనా కనిపిస్తే ఆలస్యం చేయకుండా స్కూల్లో సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) బాధ్యులకు చెప్పాలి, "ఎవరికీ చెప్పను" అని పిల్లలకు ఎన్నడూ మాట ఇవ్వకూడదు. మరణం ఉన్న పాఠాలకు ముందు, ఈమధ్య ఆప్తులను పోగొట్టుకున్న పిల్లలెవరో తెలుసుకోవడం నేను తప్పనిసరి చేసుకున్నాను.

వస్తువుల విషయం. ఖురాన్‌ను నేల మీద పెట్టకండి, మిగతా పుస్తకాల కింద ఉంచకండి. ముహమ్మద్ ప్రవక్త బొమ్మలు చూపించనక్కర్లేదు, అవి లేకుండానే పాఠం పూర్తిగా చెప్పవచ్చు. బాప్తిస్మం, సిక్కుల దీక్ష అయిన అమృత్ సంస్కారం, నమాజు వంటివాటిని పిల్లలతో నటింపజేయకండి. నటనకూ ఆరాధనకూ మధ్య గీత కొన్ని ఇళ్లవాళ్లకు చాలా సన్నగా ఉంటుంది, అది వాళ్ల హక్కు.

తల్లిదండ్రులకు పిల్లల్ని ఆర్‌ఈ నుంచి తప్పించే హక్కు కూడా ఉంది. కారణం చెప్పనక్కర్లేదు, కొన్ని పాఠాల నుంచి మాత్రమే తప్పించమనీ అడగవచ్చు. ఉత్తరం వస్తే కోపం తెచ్చుకోకుండా ఒకసారి పిలిచి, మీ పుస్తకాలు చూపించండి. మసీదుకు తీసుకెళ్లి ప్రార్థన చేయిస్తారేమోనని భయపడ్డ తండ్రులు పిల్లల నోట్‌బుక్ చూశాక మనసు మార్చుకోవడం నేను చూశాను. మార్చుకోకపోయినా మర్యాదగా ఒప్పుకోవాలి.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షలో ఇప్పటి రిలీజియస్ స్టడీస్ కోర్సును 2016 నుంచి బోధిస్తున్నారు, పూర్తి కోర్సుకు రెండు మతాలు చదవాలి. ఎక్కువ స్కూళ్లు తీసుకునేది క్రైస్తవం, ఇస్లాం. సగం మార్కులు తెలిసింది చెప్పడానికి, సగం మార్కులు విశ్లేషించి తేల్చడానికి. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డులో 12 మార్కుల ప్రశ్న ఒక వాక్యం ఇచ్చి మూల్యాంకనం చేయమంటుంది. మీ తత్వశాస్త్రం పనికొచ్చేది అక్కడే. పిల్లలు అటో పేరా, ఇటో పేరా రాసి, చివర "నేను ఒప్పుకుంటాను" అని గీత గీస్తారు. ఏ వాదం బలమైనది, ఎందుకు బలమైనది అని పేరా పేరాకూ తూచడం నేర్పండి.

పని భారం గురించి నిజం తెలుసుకుని రండి. 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చాలా స్కూళ్లలో వారానికి ఒక్క పీరియడే. అంటే వారంలో మీరు 20 క్లాసులు తీసుకుంటే, ఒక్కోదాంట్లో 30 మంది ఉంటే, 600 మంది పిల్లలు. 600 పేర్లు, 600 పుస్తకాలు, తల్లిదండ్రులకు 600 రిపోర్టులు. ఒకే క్లాసును వారానికి చాలాసార్లు చూసే లెక్కల టీచర్‌కు ఇంతమంది ఉండరు. పైగా ఇతర సబ్జెక్టుల టీచర్లకు ఖాళీ ఉంటే ఆర్‌ఈ అప్పగించడం మామూలు. 2024 ఏప్రిల్‌లో స్కూళ్లను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ ఇచ్చిన నివేదిక చాలా స్కూళ్లలో పిల్లల జ్ఞానం పైపైనే ఉందని చెప్పింది. ఈ పరిస్థితుల్లో అదేమీ ఆశ్చర్యం కాదు. అందుకే నా సలహా: ఆరు మతాలను తలో ఆరు వారాలు తిప్పే సిలబస్ చేతికిస్తే, తక్కువ విషయాలను లోతుగా చెప్పడానికి హెడ్ ఆఫ్ డిపార్ట్‌మెంట్‌ను ఒప్పించే ప్రయత్నం చేయండి.

ట్రైనింగ్ సంగతి. పీజీసీఈ (డిగ్రీ తర్వాత చేసే టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్)తో పాటు క్యూటీఎస్ (టీచర్‌గా అధికారిక అర్హత) ఇచ్చే కోర్సు చూసుకోండి. మీ డిగ్రీకి, విదేశీ చదువులను పోల్చి చూసే యూకే ఎనిక్ నుంచి సమానార్హత పత్రం తెచ్చుకోవాలి. జీసీఎస్‌ఈ ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో గ్రేడ్ 4కు సమానమైన అర్హతా చూపించాలి, కొన్ని సంస్థలు మన పదో తరగతి మార్కులు తీసుకుంటాయి, కొన్ని పరీక్ష రాయమంటాయి. ట్రైనింగ్‌లో ఇచ్చే బర్సరీలు (ఆర్థిక సాయం) ఏటా మారతాయి, వీసా రకాన్నిబట్టి కూడా మారతాయి కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ ఏడాది నియమాలే చూడండి. నాట్రే అనే ఆర్‌ఈ టీచర్ల సంఘంలో ఇప్పుడే చేరితే పాఠాలు, స్థానిక టీచర్ల బృందాలు దొరుకుతాయి.

అప్లికేషన్ పంపే ముందు దగ్గర్లోని ఒక సెకండరీ స్కూలుకు రాసి, ఒకరోజు కూర్చుని చూడనివ్వమని అడగండి. పరీక్షకు సిద్ధమయ్యే పెద్ద పిల్లల క్లాసు చూపిస్తామంటారు. అది చూడండి, కానీ ఇయర్ 9 వాళ్లకు (13, 14 ఏళ్ల పిల్లలు) మధ్యాహ్నం చివరి పీరియడ్‌లో ఆర్‌ఈ ఉంటే అదీ చూస్తానని అడగండి. "ఇది మాకెందుకు" అని ఆ వయసు పిల్లలు మొహమాటం లేకుండా అడుగుతారు. ఆ టీచర్ దానికి ఏం చెబుతారో రాసుకుని, ఇంటికొచ్చాక మీరైతే ఏం చెబుతారో రాసి ఇక్కడే పెట్టండి. చదివి నా అభిప్రాయం చెబుతాను.